మిగిలిన కూలి ఎవరింటికి?

ఆటోమేషన్ మీద మన దగ్గర ఏ చర్చ మొదలైనా ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. ఉద్యోగాలు పోతాయా, పోవా? పోతాయనేవాళ్లు నిన్నటి వార్త ఏదో చూపిస్తారు. పోవనేవాళ్లు, కంప్యూటర్లు వచ్చినప్పుడూ ఇలాగే భయపడ్డాం కదా, ఏమైంది అంటారు. రెండు వైపులా కొంత నిజం ఉంది కాబట్టి ఆ వాదన ఎప్పటికీ తేలదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తాను. మాది పశ్చిమ గోదావరిలో వరి పండించే ఊరు. యంత్రం వచ్చి మనిషి చేసే పని అందుకోవడం పొలంలో చూశాను, ఇప్పుడు ఆఫీసులో చూస్తున్నాను. యంత్రం వచ్చిన ప్రతిచోటా ఎవరికో ఇవ్వాల్సిన కూలి మిగులుతుంది. ఆ మిగిలిన కూలి ఎవరింటికి చేరుతోందో గమనిస్తే, ఆ యంత్రం నలుగురికీ మేలు చేసిందో లేదో చాలావరకు అర్థమైపోతుంది. ఆ సంగతి వదిలేసి ఎన్ని లక్షల ఉద్యోగాలు పోతాయి, ఎన్ని లక్షలు వస్తాయి అని ఎంత లెక్కపెట్టుకున్నా మనకు ఒరిగేదేమీ లేదని నా నమ్మకం.

వరికోతతో మొదలుపెడతాను. హార్వెస్టర్ రాకముందు మా వైపు సార్వా, అంటే ఖరీఫ్ వరి కోతలంటే నెలకు పైగా సాగే పని. తెల్లవారకముందే కూలీల ముఠాలు చేలో దిగేవి. కోసిన వరిని పనలుగా పరిచి రెండు మూడు రోజులు ఎండనిచ్చి, కట్టలు కట్టి, కుప్ప వేసేవారు. తర్వాత వీలు చూసుకుని నూర్పిడి, తూర్పారపట్టడం. కోతలో ఆడవాళ్లే ఎక్కువ, కట్టలు మోయడం, కుప్ప వేయడం మగవాళ్ల పని. కోత అయిపోయిన చేలో రాలిన వెన్నులు ఏరుకోవడం ముసలివాళ్లదీ పిల్లలదీ. దాన్ని పరిగె ఏరుకోవడం అంటాం. ఆ హక్కు ఏ చట్టంలోనూ రాసిలేదు, అయినా ఏ రైతూ కాదనేవాడు కాదు. వయసు మీద పడి ముఠాలో చోటు దొరకని మనిషి కూడా సీజన్‌లో తన తిండిగింజలు తను సంపాదించుకుని, కొడుకు ముందు చేయి చాపకుండా కొన్నాళ్లు గడిపేది.

ఇప్పుడు మిషన్ చేలో దిగితే ఎకరం కోత గంటకు అటూ ఇటూగా అయిపోతుంది. నేల తడిగా ఉంటే చైన్ మిషన్, ఆరి ఉంటే టైర్ మిషన్. కోత, నూర్పిడి, తూర్పార మూడూ దానిలోనే జరిగిపోయి గింజ నేరుగా ట్రాక్టర్ తొట్టిలో పడుతుంది. ఏరుకోవడానికి పరిగె మిగలదు. గడ్డి కూడా ముక్కలై చెల్లాచెదురవుతుంది కాబట్టి దాన్ని కట్టలు కట్టడానికి ఇంకో మిషన్ రావాలి.

ఇందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు. నవంబరు, డిసెంబరు నెలల్లో వాయుగుండం అనే మాట వినబడితే చాలు, పనల మీద పంట ఉన్నవాడికి నిద్ర పట్టదు. తడిసిన పన మొలకెత్తిందంటే ఏడాది కష్టం పోయినట్టే. ముఠా దొరికేదాకా తుపాను ఆగదు. మా ఇంట్లోనూ మిషన్‌నే పిలుస్తాం. పైగా రోజంతా నడుం వంచి కోయడం ఎంత నరకమో తెలిసినవాళ్లెవరూ ఆ పని కలకాలం ఉండాలని కోరుకోరు. కూలీలు దొరకట్లేదు కాబట్టి మిషన్ తెచ్చామని రైతులంటారు. మిషన్ వచ్చింది కాబట్టి మాకు పని లేకుండా పోయిందని కూలీలంటారు. రెండూ నిజమే.

అయితే మిషన్ వచ్చాక పని మొత్తం మాయమైపోయిందనుకోవడం పొరపాటు. కొంత పని ఒకరి మీద నుంచి ఇంకొకరి మీదకు జారింది. పనల మీద ఆరాల్సిన గింజ ఇప్పుడు పచ్చిగా తొట్టిలోకి వస్తోంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటితే తీసుకోరు. అందుకే కోతల కాలంలో ఏ రోడ్డు చూసినా ఒక పక్కంతా ధాన్యం పరిచి ఉంటుంది. పట్టాలు తెచ్చి, పగలంతా కాళ్లతో తిరగేస్తూ, రాత్రికి కుప్ప చేసి కప్పుతూ, మబ్బు పట్టినప్పుడల్లా పరుగులు పెడుతూ ఇంటిల్లిపాదీ రోజుల తరబడి రోడ్డు మీదే ఉంటారు. వాళ్లకు కూలి ఎవరూ ఇవ్వరు. మిషన్ వల్ల ఎంత ఆదా అయిందో లెక్క వేసేటప్పుడు ఆ పనిని ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

మరి కోత కూలి మిగిలింది కదా, అదెక్కడికి పోయింది? కొంత మిషన్ అద్దె రూపంలో ఊరు దాటింది. మిషన్ యజమాని వేరే ఊరివాడు, డ్రైవరు పంజాబ్ నుంచో తమిళనాడు నుంచో వచ్చినవాడు. కొంత రైతు దగ్గర ఆగింది, కానీ ఎక్కువ కాలం ఆగలేదు. గోదావరి జిల్లాల్లో సాగు చేసేవాళ్లలో కౌలుదార్లే ఎక్కువ. సాగు సులువైందని తెలియగానే భూయజమానికి కౌలు కింద కొలవాల్సిన ధాన్యం బస్తాలు పెరుగుతాయి. మా ఊళ్లో అదే జరిగింది. తిరిగి తిరిగి ఆ కూలిలో పెద్ద వాటా హైదరాబాద్‌లోనో డల్లాస్‌లోనో ఉండే భూయజమానికి చేరింది. ఆయన మిషన్ కొనలేదు, నడపలేదు, చేనుగట్టు మీదకు కూడా రాలేదు.

ముఠాల్లో కోసిన ఆడవాళ్లు కొందరు భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో చేరారు. కొందరు ఇంటిపనికి కువైట్ వెళ్లారు. చాలామందిని ఉపాధి హామీ ఆదుకుంది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఆ పథకం మొదలు కాకపోయి ఉంటే, కోతలు పోయిన ఆ సంవత్సరాలు ఎలా గడిచేవో ఊహించడానికే భయం వేస్తుంది. గమనించాల్సింది ఏమిటంటే, మిషన్ వల్ల లాభపడినవాళ్లెవరూ వాళ్లకోసం ఒక్క రూపాయి పక్కన పెట్టలేదు. ఆ భారం ప్రభుత్వం మోసింది, మిగతాది వాళ్లే మోసుకున్నారు.

యంత్రమంటేనే నాకు వ్యతిరేకత అనుకోవద్దు. నాకు చాలా ఇష్టమైన యంత్రం ఒకటుంది, అది పుట్టింది మన తెలుగు నేల మీదే. పోచంపల్లి చీర నేయడానికి ముందు, రంగులద్దడానికి వీలుగా దారాన్ని అర్ధచంద్రాకారంలో బిగించిన మేకుల చుట్టూ పోయాలి. దాన్ని ఆసు పోయడం అంటారు. ఒక్కో చీరకు వేలసార్లు చేయి ఇటు నుంచి అటు తిప్పాలి. ఆ పని ఇంట్లో ఆడవాళ్లదే. కొన్నేళ్లు చేస్తే భుజం పట్టేస్తుంది, మోచేయి లేవదు. ఆలేరు దగ్గర శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి ఆ బాధ పడుతుంటే చూడలేక ఏళ్ల తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం పూర్తి చేశారు. దానికి అమ్మ పేరే పెట్టారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. నాలుగైదు గంటలు పట్టే పని గంటన్నరలో అవుతోంది.

ఆ యంత్రం కూడా మనిషి చేతి పనిని తీసేసింది. కానీ అది నిలబడింది నేతగాడి ఇంట్లోనే. మిగిలిన సమయం ఆ ఇంటిదే, ఎక్కువ నేసిన చీర ఆ ఇంటిదే, నొప్పి తగ్గిన భుజం ఆ ఇంటి ఆడమనిషిదే. అదే పోచంపల్లి డిజైన్‌ని మిల్లు గుడ్డ మీద అచ్చువేసే యంత్రం కూడా ఉంది. అది మిగిల్చిన కూలి నేతగాడి ఇంటి నుంచి మిల్లు యజమానికి పోయింది. 1985లో చేనేతకు కొన్ని రకాలను ప్రత్యేకించి చట్టం చేశారు. మొదట 22 రకాలు, తర్వాత అవి 11కు తగ్గాయి. ఆ పదకొండింటికైనా కాపలా సరిగా లేదని ఏ చేనేత ఊరికి వెళ్లినా చెబుతారు.

గాంధీగారిని యంత్రాల విరోధిగా చెబుతుంటారు. 1924లో ఒక విద్యార్థి ఆయన్ని సూటిగా ఇదే అడిగాడు. యంత్రాల మీద ఉన్న వెర్రినే తప్ప యంత్రాలను తాను కాదనడం లేదని ఆయన జవాబు. కుట్టు మిషన్‌ను మినహాయిస్తానన్నారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక, ఆమె మీద ప్రేమతో సింగర్ దాన్ని తయారు చేశాడని ఆయన చెప్పారు. ఎవరి శ్రమ తగ్గించడానికి, ఎవరి మేలు కోసం అన్నదే ఆయనకు గీటురాయి. మల్లేశం గురించి మొదటిసారి చదివినప్పుడు నాకు ఆ మాటలే గుర్తొచ్చాయి.

కానీ ప్రేమ ఒక్కటే యంత్రాలను పుట్టించదు. పెట్టుబడి పెట్టేవాడికి లెక్క కుదరాలి. కుదరని చోట మనుషులు చచ్చిపోతున్నా యంత్రం రాదు. మన మురుగు కాలువల్లో జరిగింది అదే. మలమూత్రాలను మనుషులతో ఎత్తించకూడదని 1993లో ఒక చట్టం వచ్చింది, 2013లో ఇంకోటి వచ్చింది. మ్యాన్‌హోల్‌లో దిగి చనిపోయినవారి కుటుంబాలకు 10 లక్షలు ఇవ్వాలని 2014లో సుప్రీంకోర్టు చెప్పింది, 2023లో దాన్ని 30 లక్షలు చేసింది. ఇంత జరిగినా మనిషిని తాడు కట్టి లోపలికి దింపడం ఆగలేదు. ఎందుకంటే ఆ మనిషి యంత్రం కంటే చవక. ఆ పని చేసేది ఏ కులాలవాళ్లో అందరికీ తెలుసు. నూరేళ్ల కిందటే యంత్రం చేతికి అప్పగించాల్సిన పని ఏదైనా ఉందంటే అదే. పత్తి తీత కూడా ఇంకా చేత్తోనే నడుస్తోంది. ఆడవాళ్లు, బడి మానిన పిల్లలు ఒంగి ఒంగి తీస్తారు. ఏ పనికి యంత్రం రావాలో మన అవసరాలు నిర్ణయించడం లేదు.

ఆ మురుగు విషయంలోనే హైదరాబాద్ ఒక మంచి పని చేసింది. 2017లో నగర నీటి సరఫరా, మురుగునీటి సంస్థ జలమండలి, నీటిని గట్టిగా చిమ్మి మురుగు పూడిక తీసే 70 చిన్న జెట్టింగ్ యంత్రాలను రంగంలోకి దించింది. ఇరుకు సందుల్లోకి కూడా వెళ్లగలిగే బండ్లు అవి. దళిత పారిశ్రామికవేత్తల సంఘం డిక్కీతో కలిసి, ఆ యంత్రాలకు దళిత యువకులనే యజమానులను చేసి కాంట్రాక్టు ఇచ్చారు. తర్వాత రెండేళ్లకు ఢిల్లీ కూడా ఇదే దారి పట్టి 200 యంత్రాలు తెచ్చింది. నాకు ఇందులో నచ్చింది యంత్రం కంటే దాని కాగితాల మీద ఉన్న పేరు. మనిషి గోతిలో దిగే అవసరం తగ్గించారు, ఆ పని మీద వచ్చే డబ్బును మళ్లీ అదే వాడల్లోకి పంపారు. లోపాలు ఉన్నాయి, అన్ని చోట్లకూ చేరలేదు. అయినా ఆటోమేషన్ మీద పెద్ద పెద్ద సదస్సుల్లో ఎందుకో ఈ ఉదాహరణ ఎప్పుడూ వినబడదు.

ఇప్పుడు బ్యాంకుల సంగతి. కంప్యూటర్లు వచ్చినా కొంపలేం మునగలేదు అనేవాళ్లు ఎక్కువగా చూపించేది వీటినే. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీకి కంప్యూటర్ రాకుండా ఉద్యోగులు రాత్రింబవళ్లు అది పెట్టాల్సిన ఇలాకో హౌస్ భవనం ముందు కాపలా కాశారు. బ్యాంకుల్లో దారి వేరుగా నడిచింది. 1983లో యాజమాన్యాల తరఫున బ్యాంకుల సంఘం ఐబీఏ, ఉద్యోగుల తరఫున సంఘాలు కూర్చుని యంత్రీకరణ మీద ఒప్పందం రాసుకున్నాయి. 1987లో ఒకసారి, 1993లో ఇంకోసారి దాన్ని విస్తరించారు. ఎక్కడ ఏ యంత్రం పెట్టాలి, దాని మీద పనిచేసేవాళ్లకు ఎంత అలవెన్స్ ఇవ్వాలి, ఎవరినీ ఇంటికి పంపకూడదు, ఇలా అన్నీ ముందే మాట్లాడుకున్నారు. లెడ్జర్ పోస్టింగ్ మిషన్లు, తర్వాత పీసీలు, ఆ తర్వాత బ్రాంచీలన్నిటినీ ఒకే సిస్టమ్‌కు కలిపే కోర్ బ్యాంకింగ్, అన్నీ మెల్లమెల్లగా వచ్చాయి. 2000-01లో స్వచ్ఛంద విరమణ పథకం పెట్టినప్పుడు దాదాపు లక్షమంది వెళ్లిపోయారు. పూర్తయిన ఒక్కో ఏడాది సర్వీసుకు 60 రోజుల జీతం, లేదా మిగిలిన సర్వీసు కాలపు జీతం, ఏది తక్కువైతే అది చేతికి వచ్చింది. ఆ డబ్బుతో ఇల్లు కట్టుకున్నవాళ్లు, పిల్లల్ని అమెరికా పంపినవాళ్లు మనకు తెలిసిన కుటుంబాల్లోనే ఉన్నారు.

కాబట్టి బ్యాంకుల్లో మార్పు సాఫీగా సాగిందంటే దానికి కారణం కంప్యూటర్ మంచితనం కాదు. ఎదురుగా కూర్చుని బేరమాడగల సంఘం ఉంది, బ్యాంకులు ప్రభుత్వానివి. మిగిలిన కూలిలో కొంత వాటా ఆ కూలి తీసుకునేవాడికే దక్కింది.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది, దాన్ని అంతగా ఎవరూ పట్టించుకోలేదు. ఆ బల్ల దగ్గర కూర్చున్నది అప్పటికే ఉద్యోగం ఉన్నవాళ్లు. వాళ్లలో ఎవరినీ తీసేయలేదు. కానీ ఆ తర్వాత కొన్నేళ్లపాటు క్లర్కుల నియామకాలు దాదాపు ఆగిపోయాయి. నియామకాలు చూసే బీఎస్ఆర్‌బీలనే 2001లో ఎత్తేశారు. టైపు లోయర్, హయ్యర్ పాసై, గైడ్లు కొనుక్కుని, గది అద్దెకు తీసుకుని బ్యాంకు పరీక్షలకు చదువుతున్న వేలమంది డిగ్రీ కుర్రాళ్లకు ఎవరూ ఉత్తరం రాసి నీ ఉద్యోగం పోయిందని చెప్పలేదు. వాళ్లకింకా ఉద్యోగమే రాలేదు కదా, పోవడానికి. వాళ్లు ఏ లెక్కలోకీ రాలేదు. వయసు దాటిపోయి, ప్రైవేటు స్కూల్లోనో చిట్‌ఫండ్ ఆఫీసులోనో చేరిపోయారు.

ఇప్పుడు ఐటీలో మన పిల్లల విషయంలో సరిగ్గా ఇదే జరుగుతోందని నా ఆందోళన. ఇంతసేపూ నేను చెప్పుకొచ్చింది దీనికోసమే.

1998లో హైదరాబాద్‌లో ఐటీ కంపెనీల కోసం సైబర్ టవర్స్ తెరిచారు. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. కొద్ది సంవత్సరాల్లోనే ఉమ్మడి రాష్ట్రంలో ఇంజనీరింగ్ కాలేజీలు 700 దాటాయి. వాటిలో చాలా కాలేజీల్లో చదువు అంతంతమాత్రమే, అది నిజం. అయినా కూలీల పిల్లలు, నేతగాళ్ల పిల్లలు, ఆర్టీసీ కండక్టర్ల పిల్లలు ఆ తలుపులోంచే నెలజీతంలోకి వచ్చారు. అమీర్‌పేట మైత్రీవనం చుట్టుపక్కల సందుల్లో మూడు నెలలు కోచింగ్, జిరాక్స్ మెటీరియల్, హాస్టల్ సాంబారు, ఏడాదికి మూడు మూడున్నర లక్షల జీతంతో మొదటి ఉద్యోగం. 2022-23 నాటికి తెలంగాణ ఐటీ రంగంలో 9 లక్షలకు పైగా పనిచేస్తున్నారు. తెలుగు సమాజంలో ఒక తరం పైకి ఎక్కిన మెట్టు ఇదే. ఆ మెట్టు మీద జరిగేది తేలికపాటి, విసుగు పుట్టించే పని. ఏఐ ముందుగా అందుకుంటున్నదీ సరిగ్గా ఆ పనినే.

నా పనిలోంచి చెబుతాను. టెస్టింగ్‌లో కొత్తగా చేరినవాళ్లకు ముందుగా ఇచ్చేది టెస్ట్ కేసులు రాయడం. రిక్వైర్‌మెంట్ డాక్యుమెంట్ చదివి, ఎక్సెల్ షీట్‌లో ఒక్కో వరుసా నింపుకుంటూ పోవాలి. పాస్‌వర్డ్ సరిగ్గా కొడితే ఏమవ్వాలి, తప్పు కొడితే ఏమవ్వాలి, ఖాళీగా వదిలేస్తే, చివర్లో ఒక స్పేస్ ఎక్కువ పడితే. రోజంతా ఇదే. ప్రతి రిలీజ్ ముందూ పాత కేసులన్నీ మళ్లీ నడిపి స్క్రీన్‌షాట్లు అతికించాలి. కొన్నేళ్ల కిందట మా టీమ్‌లో ఒక ఇన్సూరెన్స్ ప్రాజెక్టు మీద కొత్తమ్మాయి ఇలాగే రాస్తూ, ఫిబ్రవరి 29న పుట్టినవాళ్ల పాలసీ రెన్యువల్ ఏ తేదీన పడుతుంది అని అడిగింది. డాక్యుమెంట్‌లో లేదు. డెవలపర్ని అడిగితే ఆలోచించలేదన్నాడు. నడిపి చూస్తే సిస్టమ్ ఆ పాలసీని రద్దు చేసేస్తోంది. ఆ అమ్మాయి ఇప్పుడు టెస్ట్ లీడ్. ఇన్సూరెన్స్ ఎలా నడుస్తుందో ఆమెకు తెలిసింది అలా వందల వరుసలు విసుక్కుంటూ నింపడం వల్లే.

ఈమధ్య అదే డాక్యుమెంట్‌ని ఏఐ టూల్‌కి ఇస్తే నిమిషాల్లో ఆ షీట్ మొత్తం నింపేస్తోంది. ఫిబ్రవరి 29 కూడా అందులో ఉంటుంది, అది నేను ఒప్పుకోవాల్సిందే. అనుభవం ఉన్న ఒకరు కూర్చుని చూసుకుంటే చాలు, ఇదివరకు నలుగురు చేసిన పని నడిచిపోతుంది. ఆ ముగ్గురి జీతం మిగిలింది. ఎక్కడికి పోయింది? క్లయింట్ మీటింగ్‌లో మొట్టమొదటి మాట, మీరు ఏఐ వాడుతున్నారు కదా, రేటు తగ్గించండి అని. కొంత అక్కడికి పోయింది, కొంత టూల్ లైసెన్సుకు పోయింది, ఇంకేమైనా ఉంటే కంపెనీ మార్జిన్లో కలిసింది. కోతల మిషన్ వచ్చినప్పుడు మా ఊరి కూలి ఊరు దాటింది, ఇక్కడ ఆ జీతం ఏకంగా సముద్రం దాటుతోంది.

2025 జూలైలో టీసీఎస్ తన సిబ్బందిలో దాదాపు 2 శాతం మందిని, అంటే 12 వేల పైచిలుకు మందిని తగ్గిస్తామని ప్రకటించింది. ఇది ఏఐ వల్ల కాదు, నైపుణ్యాల పొంతన కుదరక అని యాజమాన్యం చెప్పింది. టీవీల్లో రోజుల తరబడి దాని మీదే చర్చ. తీసేసినవాళ్లు కనిపిస్తారు, వాళ్లకు ఐడీ కార్డు ఉంటుంది, మాట్లాడే నోరుంటుంది. అసలు తీసుకోనివాళ్ల మీద చర్చ ఎవరు పెడతారు? క్యాంపస్‌కు రాని కంపెనీ గురించి, ఆఫర్ లెటర్ ఇచ్చి జాయినింగ్ తేదీ చెప్పకుండా నెలలు గడిపేసిన కంపెనీ గురించి ఆ ఇంట్లో తప్ప ఎక్కడా వినబడదు. తండ్రి చేసిన అప్పు అలాగే ఉంటుంది. చెల్లెలి చదువు ఆ ఉద్యోగం మీదే ఆధారపడి ఉంటుంది. పైగా ఇక్కడ బ్యాంకుల్లో లాగా బేరమాడే సంఘం కూడా లేదు.

కొత్త టెక్నాలజీ కొత్త ఉద్యోగాలు తెస్తుంది, నేర్చుకుంటే సరిపోతుంది అంటారు. అమీర్‌పేటలో బోర్డులు మారాయి కూడా. ఒకప్పుడు సెలీనియం అని టెస్టింగ్ టూల్ పేరు ఉన్నచోట ఇప్పుడు జెన్ ఏఐ అని ఉంది. నేర్చుకోవద్దని నేనెందుకంటాను, నేనూ నేర్చుకుంటున్నాను. కానీ కొత్త ఉద్యోగాలన్నీ మూడేళ్లు, అయిదేళ్లు అనుభవం అడుగుతున్నాయి. ఆ అనుభవం ఇచ్చే మొదటి పనినే తీసేశాం. పదేళ్ల తర్వాత ఆ టూల్ రాసింది తప్పో ఒప్పో చెప్పగల సీనియర్లు ఎక్కణ్నుంచి వస్తారు? ఏ కంపెనీకీ ఇవాళ ఈ ప్రశ్నతో పని లేదు, ఎందుకంటే ప్రతి కంపెనీ వాళ్లను పక్క కంపెనీ తయారు చేస్తుందిలే అనుకుంటోంది.

అందరికీ నెలకింత అని డబ్బు ఇచ్చేస్తే సరి అనే వాదన ఒకటి ఉంది. అవసరంలో ఉన్న ఇంటికి డబ్బు చేరడాన్ని నేను కాదనను. కానీ ఆ డబ్బు ఎవరి పేరు మీద వస్తుందో చూడాలి. తెలంగాణలో 2018లో పంట పెట్టుబడికి సాయమిచ్చే రైతుబంధు మొదలైనప్పుడు అది పట్టాదారుకే వచ్చింది. దుక్కి దున్నే కౌలురైతుకు రాలేదు. కాగితం మీద పేరు లేనివాడికి సాయం కూడా చేరదు. అందుకే నా ఆలోచన ఎప్పుడూ యంత్రం మీద, దాని సంపాదన మీద ఎవరి పేరుంది అన్నచోటికే వస్తుంది.

పొలంలో దీనికి దారి కనిపిస్తోంది. 2023 నవంబరులో కేంద్రం నమో డ్రోన్ దీదీ పథకం ప్రకటించింది. 15 వేల మహిళా సంఘాలకు డ్రోన్లు, ధరలో 80 శాతం వరకు, అంటే 8 లక్షల దాకా సబ్సిడీ. పురుగుమందు పిచికారీ చేసే కూలీల పని ఇది తీసేస్తుంది. ఆ విషం పీల్చి పడిపోయినవాళ్లను చూసినవాళ్లకు ఆ పని పోవడం మీద బాధ ఉండదు. మిగిలే కూలి సంఘం ఖాతాలో పడితే అంతకన్నా కావాల్సింది లేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా మీద తిరగబడి, ఆ పోరాటంలోంచి పొదుపు సంఘాలు కట్టుకున్న ఆడవాళ్లున్న నేల మనది. బ్యాంకులతో లావాదేవీలు, లెక్కల పుస్తకాలు, ధాన్యం కొనుగోలు కేంద్రాలు నడిపించారు. వరికోత మిషన్లు వచ్చిన కొత్తలోనే వాటిని ఆ సంఘాల చేతుల్లో పెట్టి ఉంటే, కోసే చేతులు పోయినా ఆ కూలి ఊళ్లోనే ఉండేది. అప్పుడు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు. ఇప్పుడు నాట్లు వేసే మిషన్లు వస్తున్నాయి, డ్రోన్లు వస్తున్నాయి. సబ్సిడీ ఎలాగూ ప్రజల డబ్బే కాబట్టి, ఆ పని ఇన్నాళ్లూ చేసినవాళ్ల సంఘానికే మొదటి హక్కు అని జీవో ఇవ్వడానికి అడ్డేముంది?

ఐటీలో యంత్రం కొని చేతికివ్వడం కుదరదు. అక్కడ అడగాల్సింది ప్రవేశం. కొత్త చట్టం కూడా అక్కర్లేదు. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ఉంది. 30 మంది, అంతకంటే ఎక్కువమంది పనిచేసే ఏ సంస్థ అయినా తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకుని స్టైపెండ్ ఇచ్చి పని నేర్పాలని దాని కింద నిబంధన ఉంది. స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరిస్తుంది కూడా. ఐటీ కంపెనీలకూ ఇది వర్తిస్తుంది. ప్రభుత్వం స్థలమిచ్చి, రాయితీలిచ్చి, కరెంటు, రోడ్లు వేసి తెచ్చుకున్న కంపెనీల్లో ఏది ఎంత శాతం తీసుకుంటోందో జిల్లాల వారీగా ప్రకటించమని మనం రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడగాలి. రాయితీ ఫైలు మీద సంతకం పెట్టే ముందు ఆ అంకె చూడాలి. 15 శాతం అక్కర్లేదు, 5 శాతమే నిక్కచ్చిగా అమలు చేస్తే తెలంగాణలోనే ఏటా 40 వేలమందికి పైగా పిల్లలు ఏఐ టూల్ పక్కన కూర్చుని, సీనియర్ కళ్లముందు ఆ పని నేర్చుకోవచ్చు. ఈ ఏడాది బీటెక్ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లతోనే మొదలుపెట్టాలి. వాళ్ల విషయంలో ఇప్పటికే ఆలస్యమైంది.